బాలమణి కలిపిన నల్ల వైరు

అమెరికాలోని అరోరాలో ఉన్న ఆ ఉమ్మడి వర్క్‌షాపులో బాలమణి పేరు అందరికీ తెలిసింది మిషను చెడిన రోజునే. అంతకుముందు ఆమె బాగుచేసినవన్నీ వాటంతటవే బాగయ్యాయి.

రంపపు పొట్టు పీల్చే మిషను ఒకసారి కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. బాలమణి దాన్ని విప్పి, మాడిపోయిన స్విచ్చు మార్చి, మళ్లీ బిగించింది. సాయంత్రానికి సభ్యుల వాట్సాప్ గ్రూపులో "డస్ట్ కలెక్టర్ ఇప్పుడు పనిచేస్తోంది" అని వచ్చింది. బాండ్‌సా అనే పట్టీ రంపం వణుకుతుంటే ఆమె చక్రాలు సరిచేసింది. "అది కూడా బాగైందంట" అన్నారు మనవాళ్లు. బాగైంది. ఎంత సౌకర్యమైన మాటో చూడండి. దానికి కర్త అక్కర్లేదు. జ్వరం తగ్గినట్టు, వాన వెలిసినట్టు, మిషను బాగైంది. 'బాగుచేసింది' అంటే మాత్రం ఎవరన్న ప్రశ్న వస్తుంది, జవాబుగా ఒక మనిషి పేరు చెప్పాల్సి వస్తుంది. చెడినప్పుడు మనకు 'చెడింది' సరిపోదు. 'చెడగొట్టింది' కావాలి, దాని ముందు పేరు కావాలి.

ఊరివాళ్లు వచ్చి వర్క్‌షాపు చూసే రోజు ఒకటి ఉంటుంది ఏటా. ఆ రోజు మిషన్లు చూపిస్తున్నది శశికాంత్. గుంటూరువాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వర్క్‌షాపు బోర్డులో సభ్యుడు. మనిషి చెడ్డవాడు కాడు, తీరికలేనివాడు. ప్రతి మిషను దగ్గరా "మా టీం రిపేర్ చేసింది" అని చెప్పుకుంటూ వెళ్లాడు. ఆ టీం అప్పుడు పునుగుల ట్రే పట్టుకుని గోడవారన నిలబడి ఉంది. ఎవరో ఆమె వైపు చూస్తే, "మా ఫ్రెండ్ అమర్‌నాథ్ వాళ్ల వైఫ్. చాలా హెల్ప్ చేస్తారు, స్నాక్స్ అవీ" అన్నాడు. బాలమణి నవ్వి, అడిగినాయనకు పేపర్ నాప్‌కిన్ అందించింది.

అన్యాయమంటే ఎప్పుడూ దెబ్బలా తగలనక్కర్లేదు. ఇలా నాప్‌కిన్ అందిస్తూ కూడా జరిగిపోతుంది.

బాలమణిది హైదరాబాదు బాలానగర్. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, పాత సీఎన్‌సీ మిషన్లకు మరమ్మతులు చేసే షాపులో చేరింది. సీఎన్‌సీ అంటే కంప్యూటరు చెప్పినట్టు లోహాన్నో చెక్కనో కోసే మిషను. ఆ షాపులో పదేళ్లకు పైగా పనిచేసింది. పొద్దున్నే షట్టరు తీయగానే మొదటి పని మిషన్లన్నిటికీ కరెంటు ఇచ్చి హోమింగ్ చేయడం. షాపులో ఆ మాట ఎవరూ వాడేవారు కాదు. "ఇంటికి తోలినవా?" అని అడిగేవారు, గొడ్లను తోలినట్టు.

రాత్రంతా ఆరిపోయి పొద్దున వెలిగిన మిషనుకు తానెక్కడున్నదీ తెలియదు. కోసే తల మధ్యలో ఆగి ఉందో, చివరన ఉందో దానికి గుర్తుండదు. అందుకని దాన్ని ఒక మూలకు నడిపిస్తారు. ఆ మూలన వేలెడంత సెన్సరు ఉంటుంది. లోహం దగ్గరికొస్తే తాకకుండానే కనిపెట్టి, "ఇదిగో, వచ్చేశావు" అని వైరులో కబురు పంపుతుంది. మిషను ఆగుతుంది, కాస్త వెనక్కి జరుగుతుంది, ఈసారి మెల్లగా వెళ్లి మళ్లీ చూసుకుంటుంది. అప్పటినుంచి దానికి అన్ని కొలతలూ తెలుసు. బాలమణికి రోజు మొదలయ్యేది ఆ చప్పుడుతోనే. ముందు గబగబా ఒక ఉరుకు, క్షణం ఆగడం, తర్వాత పసిపిల్ల అడుగుల్లాంటి ఆ మెల్లటి నడక. అది వినపడ్డాకే టీ తాగేది.

పెళ్లయి, భర్త అమర్‌నాథ్ వెంట హెచ్-4 వీసా మీద అరోరా వచ్చాక ఆ చప్పుడు పోయింది. ఆ వీసా మీద ఉన్న భార్య పనిచేయాలంటే విడిగా అనుమతి కావాలి. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితే గానీ ఆ అనుమతికి అడిగే అర్హతే రాదు. అమర్‌నాథ్ మొదటి కంపెనీ ఇదిగో అదిగో అని నాన్చింది. రెండో కంపెనీ ఆ పని మొదలుపెట్టీ పెట్టకముందే లేఆఫ్‌ల్లో అతణ్నే పంపేసింది. మూడోది, "ఒక ఏడాది మీ పర్ఫార్మెన్స్ చూశాక" అంది. ఎవరి పర్ఫార్మెన్స్ ఎవరు చూస్తున్నారు? చేతిలో పని ఉన్న మనిషి ఒకతె, తాను ఎన్నడూ అడుగుపెట్టని ఆఫీసులో తన గురించి ఎవరో తేల్చే మాట కోసం అపార్ట్‌మెంట్లో కూర్చుంది.

ఆ కాలంలో ఆమెకు ఉన్న ఊరట సుబ్బులు. బాలానగర్ షాపులో పక్క మిషను మీద పనిచేసే సుబ్బులుది రాజమండ్రి వైపు. ఇక్కడ రాత్రి భోజనాలయ్యే వేళకు అక్కడ షట్టరు తీస్తారు. సుబ్బులు వీడియో కాల్ చేసి, ఫోను మిషను పక్కన ఆనించి, ఏమీ మాట్లాడకుండా ఇంటికి తోలేది. బాలమణి ఫోను చెవికి పెట్టుకుని వినేది. అమర్‌నాథ్ మొదట్లో నవ్వాడు. "వేరేవాళ్లు పాటలు వింటరు. నువ్వేంది, సెన్సర్లు వింటవు" అన్నాడు. తర్వాత తర్వాత ఆ కాల్ వస్తే టీవీ సౌండు తనే తగ్గించేవాడు.

శశికాంత్ ఒకసారి ఇంటికొచ్చినప్పుడు వర్క్‌షాపుకు కొత్తగా వచ్చిన మిషను సంగతి చెప్పాడు. మూతపడ్డ చెక్క బీరువాల ఫ్యాక్టరీ ఒకటి తన సీఎన్‌సీ మిషను దానమిచ్చింది, మంచమంత బల్ల, దాని మీద అటూ ఇటూ కదిలే ఇనుప దూలం. దాన్ని నడపడం ఎవరికీ పూర్తిగా తెలియదట. బాలమణి మర్నాడే మొదటిసారి వర్క్‌షాపుకు వెళ్లింది. వర్క్‌షాపు లాభాపేక్ష లేని సంస్థ, అందరూ ఊరికే వచ్చి చేసేవాళ్లే, కాబట్టి వీసాకు ఇబ్బంది లేదని అమర్‌నాథ్ ముందే లాయరును అడిగి తెలుసుకున్నాడు. ఆమె లోపలికెళ్లి ఆ బల్ల మీద అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. చల్లగా ఉందా అని శశికాంత్ అడిగాడు. లేదండీ, అంది.

అక్కడ ఒక నియమం ఉంది. కరెంటు వైర్లుండే ప్యానెల్ పెట్టెకు తాళం. తాళంచెవి బోర్డు సభ్యుడి దగ్గర. బాలమణి చదువు ఇక్కడి చదువు కాదు కనుక, ఆమె ఒంటరిగా పెట్టె తెరవకూడదు. శశికాంత్ వచ్చి తాళం తీసి, పక్కన కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటాడు. ఆమె పనిచేస్తుంది. అతను లేవాల్సి వస్తే పని సగంలో ఉన్నా పెట్టె మూయాల్సిందే. మిషను ముట్టుకోనిస్తున్నారు, అదే చాలనుకుంది బాలమణి. ఆశ ఎక్కువైన చోట మనిషి ఎంత తక్కువకు ఒప్పుకుంటుందో చూడండి.

ఒక శనివారం పొద్దున దూలం అడ్డంగా కదిలే వైపు సెన్సరు చచ్చిపోయింది. పొట్టు పడీ పడీ, వైరు వంగీ వంగీ, సెన్సరు దగ్గరే తెగింది. బాలమణి కొత్త సెన్సర్లు రెండు తెప్పించింది, ఒకటి ఇప్పటికి, ఒకటి ఎప్పటికైనా. ఆపై శనివారం శశికాంత్ తాళం తీసి, "అక్కా, త్వరగా అయిపోద్దా? పాపను స్విమ్మింగ్‌కి డ్రాప్ చేయాలి" అన్నాడు. ఐతది, అంది బాలమణి. సాయానికి డోనా వచ్చింది. డోనా జీవితమంతా ఇళ్లకు వైరింగ్ చేసి రిటైరైన అమెరికన్ ఆవిడ, బాలమణిని 'బాలా' అని పిలిచే ఒకే ఒక్క మనిషి అక్కడ.

ఇప్పుడు జరిగిందంతా మూడు వైర్ల సంగతి. కొత్త సెన్సరు నుంచి మూడు వైర్లు వస్తాయి. గోధుమ రంగుది ప్లస్, నీలంది మైనస్. నల్లది మాట్లాడే వైరు. లోహం కనిపిస్తే కబురు మోసేది అదే. మిషనులో ముందునుంచీ ఉన్న పాత కేబులులోనూ మూడు వైర్లే, కానీ రంగులు వేరు: ఎరుపు, నలుపు, తెలుపు. బీరువాల ఫ్యాక్టరీవాడు తనకు దొరికిన కేబులు వేసుకున్నాడు. రంగుల్ని బట్టి కాక, ఏది ఎక్కడికి పోతుందో చూసి కలపాలి.

దూలం కింద వెల్లకిలా పడుకున్న బాలమణి గోధుమను ఎరుపుకు కలిపింది. దానికి అనుమానం లేదు. తర్వాత ఆమె చేయి తనంత తానే నీలం వైరును పాత నల్ల వైరు దగ్గరికి తీసుకెళ్లింది. బాలానగర్‌లో పుట్టిన చేయి అది. అక్కడి ఇళ్లలో పాత వైరింగులో నలుపంటే న్యూట్రల్, కరెంటు తిరిగి వెళ్లే దారి. ఆ అలవాటున షాపులో మైనస్‌ను కూడా అందరూ న్యూట్రల్ అనేవారు. చేయి సరైన చోటికే వెళ్లింది. కలిపే ముందు, ఒక మాట అడుగుదామని, ప్యానెల్ దగ్గర టార్చిలైటు పట్టుకున్న డోనాకు కేకేసింది: న్యూట్రల్ ఏది?

తెల్లది, అని డోనా జవాబిచ్చింది. ఈ దేశంలో ఎప్పుడూ తెల్లదే తల్లీ, నల్లది ముట్టుకుంటే షాకు కొడుతుంది, అని కూడా అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అమెరికా ఇంటి గోడలో అది నిజమే. కానీ ఇది ఇల్లు కాదు, మిషను. ఈ కేబులులో నల్లదే మైనస్.

బాలమణి చేయి వెనక్కి వచ్చింది. ఈ దేశం వచ్చినప్పటినుంచి ఆమెకు అందరూ నేర్పిన పాఠం ఒకటే, అక్కడిది మర్చిపో, ఇక్కడ తిరగేసి ఉంటుంది అని. స్విచ్చు పైకి వేస్తే లైటు వెలుగుతుంది. బండి కుడివైపు పోవాలి. తలుపు, తారీఖు, తూకం అన్నీ వేరు. ఇదీ అంతే కాబోలనుకుంది. నీలాన్ని తెలుపుకు కలిపింది. మిగిలింది నల్లదీ నల్లదీ. చూడ్డానికి ఎంత ముచ్చటగా కలిశాయో అవి.

బాలానగర్ షాపులో ఒక నియమముండేది. వైరు మార్చాక ముందు స్పానర్ చూపించు, దీపం చూడు, ఆ తర్వాతే ఇంటికి తోలు. సెన్సరు ముందు ఇనుప స్పానర్ పెడితే దాని వెనక చిన్న దీపం వెలగాలి. వెలగలేదంటే మిషనును కదపకూడదు. బాలమణి దూలం కిందినుంచి బయటికి వచ్చి స్పానర్ కోసం చేయి చాచింది. శశికాంత్ అప్పటికే టైము చూసుకుని, అయిపోయిందనుకుని, హోమ్ బటన్ నొక్కాడు. "ఆగుండ్రి" అంది ఆమె. ఆమె గొంతు ఆమెకే వినిపించింది.

దూలం ఉరికింది. ఆగాల్సిన చోట ఆగలేదు. చివరికంటా వెళ్లి గుద్దుకుంది. మిషనును ఆపే ఎర్ర బటన్ డోనా కొట్టేలోపే సెన్సరు తల చితికింది, దాన్ని పట్టి ఉంచే రేకు వంగింది. అదృష్టం, ఎవరి వేళ్లూ అక్కడ లేవు. శశికాంత్ ముఖం పాలిపోయింది. "సారీ అక్కా, చూసుకోలేదు" అన్నాడు, తాళం వేశాడు, పాపను దింపడానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి గ్రూపులో సందేశం వచ్చింది. మిషను గుద్దుకుంది, బాలమణి సెన్సర్ వైరింగ్ తప్పుగా చేసింది, వచ్చే శనివారం బోర్డు మీటింగులో మాట్లాడదాం. రాసింది శశికాంతే. బటన్ ఎవరు నొక్కారో అందులో లేదు. అది దానంతటదే నొక్కుకుంది.

అదీ, గ్రూపులో మొదటిసారి ఆమె పేరు కనపడిన సందర్భం.

మీటింగులో తేల్చేవి రెండని తర్వాత తెలిసింది. ఇకమీద ఈ దేశపు లైసెన్సున్నవాళ్లే ప్యానెల్ పని చేయాలా అన్నది ఒకటి. ఒక కేబినెట్ షాపు ఆయన మిషనును ఉన్నదున్నట్టు తీసుకుంటానన్నాడు, ఇచ్చేద్దామా అన్నది రెండోది. ఏది జరిగినా బాలమణి చేతికి అమెరికాలో దొరికిన ఒక్క పనీ పోతుంది.

అమర్‌నాథ్ భయపడ్డాడు. అతని భయం వేరు. "పోనీయ్ బాలా. మన స్టేటస్ ఇట్లున్నది. రేపు ఎవరికన్న దెబ్బ తగుల్తే, నీ పేరు రాస్తే? వీసా స్టాంపింగ్‌కి పోయినప్పుడు అడుగుతరు. మనకెందుకు?" అన్నాడు. బాలమణి గిన్నెలు తుడుస్తూ విన్నది. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. వీసా మీద బతికే ఇళ్లలో అది ఉప్పులా అన్నింట్లో ఉంటుంది. కానీ ఆ 'మనకెందుకు' వల్లే మనలో ఎంతమంది గొంతులు తమకు తప్ప ఎవరికీ వినపడకుండా పోయాయో లెక్క వేయాలి.

ఆదివారం రాత్రి సుబ్బులు ఫోను చేసింది. బాలమణి జరిగింది చెప్పింది.

"నలుపుని నలుపుకి కలిపావా? నువ్వా?" సుబ్బులు నవ్వు ఆపుకోలేకపోయింది. "మొన్న చేరిన పిల్లలు కూడా కలపరే అలాగ."

"నా చెయ్యి మంచిగనే పోయింది సుబ్బులూ. డోనా తెల్లది న్యూట్రల్ అన్నది. ఈడ అన్నీ ఉల్టా గద అనుకున్న."

"ఆవిడంటే అంది. మీటరు పెట్టి చూస్తే చెప్పేది కదే. సరే, చెయ్యి మంచిగా పోతే ఎందుకు వెనక్కి లాగావ్?"

అటువైపు షాపులో ఎవరో గ్లాసులు కడుగుతున్న చప్పుడు.

"నా చెయ్యిని నేను నమ్ముడు బంద్ జేసిన సుబ్బులూ. ఎప్పుడు జేసిన్నో యాదికొస్తలేదు."

సుబ్బులు ఫోను మిషను పక్కన ఆనించి ఇంటికి తోలింది. ఉరుకు, ఆగడం, మెల్లటి నడక. "విన్నావా?" అని మాత్రం అడిగింది.

శనివారం మీటింగుకు బాలమణి వెళ్లింది. అమర్‌నాథ్ కారు నడిపాడు, లోపలికొచ్చి వెనక వరసలో నిలబడ్డాడు. బోర్డు వాళ్లు మర్యాదస్తులు. ఎవరూ తిట్టలేదు. లైసెన్సు గురించి, సేఫ్టీ గురించి చాలాసేపు మాట్లాడారు. ఆమె గురించి మాట్లాడుతున్నప్పుడు కూడా ఆమె వైపు చూడలేదు. చివర్లో, ఇంకేమైనా చెప్పేవారున్నారా అని అలవాటుగా అడిగితే, బాలమణి లేచింది.

ఇంగ్లీషులో మాట్లాడింది, తన ఇంగ్లీషులోనే. వైరు తప్పు కలిపింది నేనే, అంది. నేను న్యూట్రల్ ఏదని అడిగాను, ఈ వైర్లలో న్యూట్రలే లేదు, మైనస్ ఏదని అడగాల్సింది, డోనా నా ప్రశ్నకు తన ఇంటి జవాబు చెప్పింది, మీటరు పెట్టి చూడకపోవడం నా తప్పు. దీపం చూడకుండా బటన్ నొక్కడం నా తప్పు కాదు. తర్వాత తెలుగులోకి జారిపోయింది, జారిన సంగతి ఆమెకు తెలియలేదు.

"శశి గారూ, డస్ట్ కలెక్టర్ నేను బాగుచేసిన. బాండ్‌సా నేను బాగుచేసిన. తప్పుజేసిన్నని నా పేరు రాసిండ్రు, మంచిదే. అవ్వి గూడ రాయుండ్రి."

గదిలో సగం మందికి తెలుగు రాదు. ఏమంది అని బోర్డు అధ్యక్షురాలు శశికాంత్‌ను అడిగింది. అతను తల దించుకుని, ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ముందు డస్ట్ కలెక్టర్, తర్వాత బాండ్‌సా. ఆపైన ఎవరూ అడగకుండానే, బటన్ నొక్కింది తనేనని కూడా చెప్పాడు.

డోనా లేచి, ముసలి ఎలక్ట్రీషియన్లను గుడ్డిగా నమ్మకూడదని నేను కూడా నేర్చుకున్నాను, మిషను ఎలాగూ అక్కడే ఉంది, ఇప్పుడే చేసి చూపించమనండి, అంది.

తాళం తీశారు. రేకును డోనా అంతకుముందే సుత్తితో సరిచేసి పెట్టింది. రెండో సెన్సరు బాలమణి సంచిలో ఉంది. ఆమె దూలం కిందికి దూరింది. టార్చిలైటు పట్టుకోవడానికి ఎవరో వంగారు. చూస్తే అమర్‌నాథ్. ఆఫీసు చొక్కాతో పొట్టులో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"న్యూట్రల్ అని ఎవర్ని అంటున్నావ్ బాలా?" అని డోనా ప్యానెల్ దగ్గరనుంచి ఇంగ్లీషులో కేకేసింది.

"మైనస్‌ని!"

"అయితే నల్లది!"

అందరూ నవ్వారు. బాలమణి కూడా నవ్వింది, కానీ ఈసారి మీటరు పెట్టి చూశాకే కలిపింది. గోధుమ ఎరుపుకు. నీలం నలుపుకు, ఆ రోజు తన చేయి మొదట వెళ్లిన చోటికే. సెన్సరు నల్లది తెలుపుకు. బయటికొచ్చి స్పానర్ చూపించింది. సెన్సరు వెనక చుక్కంత నారింజ దీపం వెలిగింది. ప్యానెల్‌లో దానికి జతైన దీపం కూడా వెలిగిందని డోనా చెప్పింది. స్పానర్ తీస్తే రెండూ ఆరాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ వెలిగాయి. ఇదంతా అవుతున్నంతసేపూ బటన్ దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

ఆమే వెళ్లి నొక్కింది. దూలం ఉరికింది, సెన్సరు ముందు ఆగింది. వెనక్కి జరిగింది. తర్వాత ఆ మెల్లటి నడక. బాలమణి కళ్లు మూసుకుని వినడం వెనకున్నవాళ్లు చూశారు, భయమనుకున్నారు.

మిషను అమ్మకం వాయిదా పడింది. లైసెన్సు మాట పక్కకు పోయింది. పని చేసేవాళ్ల దగ్గరే తాళంచెవి ఉండాలనీ, వాళ్లు చెప్పందే బటన్ ఎవరూ నొక్కకూడదనీ రాసుకున్నారు. శశికాంత్ తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెడుతూ, "మీ దగ్గరే ఉంచండక్కా. నేను ఇన్నాళ్లూ ఊరికే కూర్చుని ఫోన్ చూసుకున్నాను" అన్నాడు. "చూసుకున్నరు గని, బటన్ నొక్కకపోతే సరిపోతుండె" అంది బాలమణి. అతను సిగ్గుపడుతూ నవ్వాడు.

అలవాటు మాత్రం గడుసుది. సాయంత్రం గ్రూపులో అతని సందేశం వచ్చింది: సీఎన్‌సీ హోమింగ్ ఇప్పుడు పనిచేస్తోంది. దాని కింద ఒక నిమిషంలో బాలమణి నుంచి ఇంకోటి వచ్చింది, తెలుగు అక్షరాల్లో. "బాలమణి బాగుచేసింది." డోనా ఇదేమిటని అడిగింది. జవాబు శశికాంతే రాయాల్సి వచ్చింది: బాలమణి దాన్ని బాగుచేసిందని రాసి ఉంది.

ఆ రాత్రి సుబ్బులు ఫోను చేస్తే, ఈసారి బాలమణి రికార్డు చేసిన తన మిషను చప్పుడు వినిపించింది. "మనదే అనుకున్నానే" అంది సుబ్బులు. తర్వాత, షాపు బాలానగర్ నుంచి తీసేస్తున్నారని చెప్పింది. ఊరి బయట ఎక్కడికో మారుస్తారట, తను అంత దూరం వెళ్లగలదో లేదో చూడాలట. షట్టరు తీసే చప్పుడు ఇంకెన్నాళ్లు వినిపిస్తుందో తెలియదు. ఫోను పెట్టేశాక బాలమణి కిటికీ దగ్గర నిలబడింది. తిరిగి వెళ్లినా, తానెక్కడున్నదీ చెప్పే ఆ మూల అక్కడ ఉండదు. ఇక్కడున్న మూలకు ఆమె శనివారాలు మాత్రమే వెళ్లగలదు, అదీ ఊరికే పనిచేయడానికి. తెల్లారితే మళ్లీ ఆదివారం, ఆ తర్వాత సోమవారం. సోమవారం పొద్దున ఆమె ఏ షట్టరూ తీయదు. మిషను ఇల్లు చేరింది. ఆమె చేతులింకా చేరలేదు.

చదువుతున్న మీకు ఒక విన్నపం. మీలో ఓటున్నవాళ్లు మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోను చేసి, భర్త ఫైలుతో భార్య చేతులు కట్టేసే ఈ పద్ధతి మార్చమని అడగండి. ఫోను ఎత్తేవాళ్లు పేరూ ఊరూ రాసుకుంటారు, చెప్పడానికి జంకకండి. ఓటు లేనివాళ్లు, కొత్త ఉద్యోగానికి ఒప్పుకునే ముందే గ్రీన్‌కార్డు ఫైలు ఎప్పుడు మొదలుపెడతారో అడిగి, రాతలో తీసుకోండి. అది మీ ఒక్కరి భవిష్యత్తు కాదు. సొంత వ్యాపారాలున్నవాళ్లు, వాలంటీరు పేరు చెప్పి ఇలాంటి ఆడవాళ్లతో ఊరికే పని చేయించుకోకండి. అది సాయం కాదు, చట్టం ఒప్పుకునేదీ కాదు.

ఇవేవీ చేతకాకపోయినా ఒకటి చేయగలరు. ఈ వారాంతం మీ ఇంటికి భోజనానికి ఏదో ఒక జంట వస్తుంది. ఆయన ఏ కంపెనీ అని మీరు ఎలాగూ అడుగుతారు. ఆమె పునుగుల ట్రే అందుకోవడానికి లేచే ముందు, మీరు అక్కడ ఏం పని చేసేవారండీ అని ఆమెను అడగండి. అడిగి, ఆమె గొంతు అందరికీ వినపడేదాకా ఆగండి.